రోజూ కూలే కొట్టు

ఆ ఎండాకాలం నా ఉద్యోగం మా నాన్న చెవిలో ఊదడం.

నవ్వకండి, అది నిజంగా ఉద్యోగమే. ఎన్నికల్లో నిలబడ్డ మనిషి రోజుకెన్ని గడపలు ఎక్కి దిగుతాడో ఆయనకే తెలీదు. ఎదురొచ్చిన ప్రతి మనిషినీ వరస కలిపి, మంచీచెడ్డా తెలిసినట్టు పలకరించాలి. "ఏమ్మా, మీ ఆయన మోకాలెలా ఉంది?" అనాలి. ఆ మోకాలి సంగతి మా నాన్నకేం తెలుసు? కుడిభుజం వెనక నిలబడి నేను ఊదుతాను. "పెద్దకోడలు. మొగుడు మిల్లులో. మోకాలు." అంతకు మించి ఊదకూడదు, పెదవులు కదలకూడదు. నాన్న తల కాస్త పక్కకి వాలుస్తాడు. చూసేవాళ్ళకి అదేదో వినయంలా ఉంటుంది గానీ, నాకు చెవి అందించడమన్నమాట.

అంతకుముందు ఆ పని చేసిన గుమస్తా ప్రచారం మొదలవకముందే అవతలి పార్టీలోకి గోడ దూకాడు. నేను చదువు ముగించి ఇంట్లో ఈగలు తోలుకుంటున్నాను. "నీకు జ్ఞాపకం ఎక్కువ కదా, నాలుగు రోజులు చూడు" అన్నాడు నాన్న. రాజకీయ నాయకుడి నాలుగు రోజులంటే ఎంతో మీకూ తెలుసు. ఆ కాలమంతా నేనే చూశాను.

ఊళ్ళో అందరికీ మా నాన్న అన్న. పండు ముసలివాళ్ళకీ అన్నే, నిన్నగాక మొన్న మాటలొచ్చిన పిల్లలకీ అన్నే. నాన్నా అని పిలిచేది లోకంలో నేనొక్కదాన్నే. ఆ పిలుపుకి ఆయన రెండోసారికి గానీ పలికేవాడు కాదు.

ఆయనకి పేరు తెచ్చిన కథ ఒకటుంది. పోయినసారి ఎన్నికలకి ముందు పెద్దరోడ్డు వెడల్పు చెయ్యాల్సొచ్చింది. రెండువైపులా ఉన్న కొట్లు తీసెయ్యాలి. ఏ కొట్టువాడూ కదలనన్నాడు. అప్పుడు నాన్న ముందుగా తన సొంత బావమరిది టైలరు కొట్టు కొట్టించాడు, ఎదురుగా నిలబడి మరీ. దాంతో మిగతావాళ్ళ నోళ్ళు మూతపడ్డాయి, రోడ్డు పడింది, నాన్న మళ్ళీ గెలిచాడు. ఈసారీ ఏ సభ పెట్టినా ఆ కథ ఉండాల్సిందే. అక్కడికి రాగానే నాన్న గొంతు తగ్గించేవాడు. "నా భార్య ఒక్క మాట అనలేదు. నా బావమరిది ఒక్క మాట అనలేదు. ఎందుకు? నా ఇంటికంటే ఈ ఊరు పెద్దది కాబట్టి" అనేవాడు. ఇక చప్పట్లు ఆగేవి కాదు. నాన్న ఈలోగా మంచినీళ్ళు తాగేవాడు.

ఒక్క మాట అనలేదన్నది మాత్రం నిజమే. ఆ కొట్టు కూలిన రోజు నుంచీ అమ్మ నాన్నతో పోట్లాడటం మానేసింది. మాట్లాడేది. "భోజనం పెట్టమంటారా", "చొక్కా ఇస్త్రీ అయింది", "బయట ఎవరో వచ్చారు" - ఇలాంటివి. అంతకుముందు మా ఇంట్లో పూటకో యుద్ధం జరిగేది. అమ్మ ఒక మాట అందుకుంటే నాన్న పేపరు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాడు, ఆ నవ్వు చూసి ఆవిడ ఇంకో రెండు అందుకునేది. ఊళ్ళో అందరి మీదా నెగ్గినవాడు ఇంట్లో ఓడిపోతూ ఎంత హాయిగా ఉండేవాడో. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా నాన్న రచ్చ గెలవడానికి వెళ్తూ వెళ్తూ ఇంటికి తాళం వేసుకుపోయాడు.

*

ఆ కొట్టు మా మామయ్యది, అంటే అమ్మ తమ్ముడిది. కొట్టు పోయిన అందరికీ ఇచ్చినట్టే ఆయనకీ వెనక సందులో మేడమీద గది ఒకటి ఇచ్చారు. సందులో మేడెక్కి చొక్కా కుట్టించుకునేదెవరు? అయినా మామయ్య అక్కడే కుట్టుకుంటూ, అక్కడే వండుకుంటూ ఉండిపోయాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "ఊరందరి కొలతలూ తీశాను, నాకు సరిపోయేది దొరకలేదు" అనేవాడు. మా ఇంటికి రావడం మాత్రం మానేశాడు. తగువు పడలేదు, పనుందనేవాడు, అంతే.

ఆ ఎండాకాలం మామయ్య మంచం పట్టాడు. ఊపిరితిత్తులు. డాక్టర్లు చూడాల్సిందంతా చూసి, ఇక ఇంట్లోనే ఉంచుకోమన్నారు. ఆ మాటకి అర్థం మా అందరికీ తెలిసిందే. అమ్మ పొద్దున వంట ముగించి ఆ గదికి వెళ్తే మళ్ళీ దీపాలు పెట్టేవేళకి వచ్చేది.

ఒకరోజు నేను వెళ్ళేసరికి అమ్మ మెట్ల మీద కూర్చుని మామయ్య దుప్పటి ఉతికి పిండుతోంది. నేను ఒక కొస పట్టుకున్నాను. ఇద్దరం మెలితిప్పుతుంటే అమ్మ అంది, "మీ నాన్నని ఒకసారి తీసుకురావే."

"నువ్వే అడగొచ్చు కదా."

"అడిగితే వస్తారు. అడిగించుకుని వచ్చేవాళ్ళు నాకక్కర్లేదు."

"మరి నేను అడిగినా అంతే కదా?"

"అందుకే అడగమనలేదు, తీసుకురమ్మన్నాను." దుప్పటి దులిపి తీగ మీద వేసింది. "వాడు నోరు తెరిచి చెప్పడు. కింద తలుపు చప్పుడైతే చాలు, తల ఇటు తిప్పుతాడు. నేనని తెలిసి మళ్ళీ అటు తిప్పుకుంటాడు. రోజూ చూస్తున్నాను. బావ ఎప్పుడైనా వస్తాడని చూసుకుంటూనే పోతాడు వీడు. అదొక్కటి జరగకూడదు నాకు."

అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. గొంతు కూడా మామూలుగానే ఉంది. నేనే తడిచేతులతో మెట్టు మీద కూర్చున్నాను.

లోపలికి వెళ్తే మామయ్య దిండుకి ఆనుకుని ఉన్నాడు. ఒకప్పుడు పొట్టకి టేపు చాలక రెండుసార్లు వేసుకునే మనిషి. ఇప్పుడు దుప్పటి కింద ఎవరైనా ఉన్నారా అన్నట్టున్నాడు. నన్ను చూసి నవ్వాడు.

"రావే జోరీగా. మీ నాన్న చెవి ఎలా ఉంది?"

"ఉంది మామయ్యా, చిల్లు పడలేదింకా."

"ఊదు ఊదు. ఆ చెవిలో మేమందరం ఊది ఊది అలిసిపోయినవాళ్ళమే."

అప్పుడే కింద ప్రచారం వ్యాను వచ్చింది. మైకులో రికార్డు చేసిన నాన్న గొంతు. గోడలు అదిరేలా ఉంది. అమ్మ లోపలికొచ్చి కిటికీ మూయబోయింది. "ఉండనీ అక్కా" అన్నాడు మామయ్య. రోడ్డు సంగతి వచ్చింది, కొట్లవాళ్ళ సంగతి వచ్చింది, "అప్పుడు నేను నా సొంత బావమరిది కొట్టునే..." అన్నాడు నాన్న. సరిగ్గా అక్కడికి వ్యాను సందు మలుపు తిరిగింది. తర్వాత ముక్క వినపడలేదు.

"మళ్ళీ కూలింది" అన్నాడు మామయ్య. నవ్వబోతే దగ్గు వచ్చింది. దగ్గు ఆగాక అమ్మ నీళ్ళు పట్టించింది. "పొద్దున ఒకసారి కూల్చారు, మధ్యాహ్నం ఒకసారి. రాత్రికి మళ్ళీ ఎవరు కట్టి పెడుతున్నారో ఏమో. కట్టేటప్పుడు నీళ్ళు బాగా పట్టమని చెప్పవే, ఊరికే పడిపోతోంది."

నేను నవ్వాను. అమ్మ మాత్రం అటు తిరిగి గ్లాసు కడుగుతూ ఉండిపోయింది.

*

నాన్నకి ఆ రోజే కారులో చెప్పాను. ముందు సీట్లో మేనేజరు ఉన్నాడు. ఆయన్ని అందరూ గడియారం అంటారు. ఎవరితో మాట్లాడుతున్నా చేతిగడియారమే చూస్తాడు, అదే మాట్లాడుతున్నట్టు.

"నాన్నా, మామయ్యకి బొత్తిగా బాగోలేదు. ఒకసారి వెళ్దాం."

"వెళ్దాం" అన్నాడు నాన్న. వెంటనే అన్నాడు, అదే అనుమానం. "రేపు చూద్దాం."

మర్నాడు మళ్ళీ అడిగాను. "రేపు చూద్దాం" అన్నాడు. ఆ రేపు వచ్చాక, మార్కెట్టు సంఘంవాళ్ళున్నారన్నాడు. తర్వాత గొంతు బాగోలేదన్నాడు, మంచం మీదున్నవాడి దగ్గరికి జలుబుతో వెళ్ళకూడదన్నాడు. అదే జలుబుతో ఆ పూట బాలింతల ఆసుపత్రికి వెళ్ళి పసిపిల్లల్ని ఎత్తుకున్నాడు.

ఊళ్ళో ఎవరు మంచం పట్టినా, ఎవరు పోయినా నాన్న వెళ్ళేవాడు. మధ్యాహ్నాలన్నీ పరామర్శలే. ముక్కూమొహం తెలియనివాళ్ళ మంచాల పక్కన కూర్చుని చేతులు పట్టుకునేవాడు. ఎవరి మామయ్యో పోతే కళ్ళు తుడిచినవాడు నా మామయ్య దగ్గరికి రాడేం? నాకు కోపం నషాళానికి అంటేది. గడియారం మాటలకి ఆడుతున్నాడనుకున్నాను. పదవి నెత్తికెక్కిందనుకున్నాను.

ఒకనాడు మార్కెట్టు నుంచి ఇంటికి రావాలి. దగ్గరి దారి మామయ్య సందు మీంచే. డ్రైవరు అటు తిప్పబోతే నాన్న వెనక నుంచి అతని భుజం మీద చెయ్యి వేశాడు. "ఇటు వద్దు. చుట్టూ పో." డ్రైవరు అలవాటే అన్నట్టు తిప్పేశాడు. నేను నాన్న మొహం చూశాను. పరీక్ష తప్పిన పిల్లవాడు ఇంటికి వెళ్ళేటప్పుడు ఎలా ఉంటాడో అలా ఉన్నాడు. అప్పటికి అర్థమైంది నాకు. నాన్నకి తీరిక లేక కాదు, మొహం చెల్లక. కోపమంతా జారిపోయి జాలేసింది. జాలేసిందని ఊరుకుంటే మామయ్య ఉండడు కదా.

నా దగ్గరున్నది నా ఉద్యోగమొక్కటే. మర్నాటి పరామర్శలు ఎవరింటికో, ఎటునుంచి ఎటో డ్రైవరుకి చెప్పేది నేనే. మూడిళ్ళు చెప్పి, నాలుగోది మామయ్య గది అన్నాను. డ్రైవరు నా వంక చూశాడు. "సారుకి..." అన్నాడు. "నేను చెబుతాలే" అన్నాను.

నాన్న ఆ గదికి ఎప్పుడూ రాలేదు. ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య కారులో తల వెనక్కి వాల్చి కునుకు తీస్తాడు, తలుపు తెరిస్తే లేస్తాడు. ఆ రోజూ అలాగే లేచి, ఏ సందో చూసుకోకుండానే దిగాడు. ఇరుకు మెట్లు ఎక్కుతూ తల పక్కకి వాల్చాడు. ఊదాను.

"మంచం పట్టాడు. పెళ్ళి కాలేదు. అక్క చూసుకుంటోంది."

నాన్న తలూపాడు. ఒక్క అబద్ధం చెప్పలేదు నేను.

*

నేను మర్చిపోయిందొకటుంది. నాన్న వెళ్ళే ఏ ఇంటికైనా ముందు బండి ఒకటి వెళ్తుంది. అందులో ఫోటోగ్రాఫరు, ఇద్దరు కార్యకర్తలు. వెళ్ళి గది సర్దుతారు, నాన్నకి కుర్చీ వేస్తారు, వెలుతురు చూసుకుంటారు. డ్రైవరుకి చెప్పిన ఇల్లు ముందు బండికి చెప్పినట్టే. వాళ్ళకి చెప్పొద్దని అనాలన్న ఆలోచనే రాలేదు నాకు. ఫోటోగ్రాఫరు లేకుండా మా నాన్న ఒకరిని చూడ్డానికి వెళ్ళగలడన్నది నా బుర్రకి తట్టనే లేదు. మా ఇంట్లో పుట్టి పెరిగినవాళ్ళు చేసే తప్పది. ఇంకెవరూ చెయ్యరు.

గదిలోకి అడుగుపెట్టగానే లైటు కళ్ళలో కొట్టింది. మామయ్య మంచం కిటికీ దగ్గరికి జరిపేశారు. మందుసీసాలు తీసి ఎక్కడో పెట్టేశారు. దుప్పటి మడత నలగకుండా లాగి కట్టారు. అమ్మ పొయ్యి దగ్గర గోడకి ఆనుకుని నిలబడి ఉంది. నా వంక చూసింది. నువ్వు కూడానా అన్నట్టుంది ఆ చూపు. నేలలోకి కూరుకుపోతే బాగుండుననిపించింది నాకు.

నాన్నకి ఆ లైటులో అమ్మ కనపడలేదు. మంచం మీద ఎముకల గూడులా ఒక మనిషి కనపడ్డాడు. కుర్చీలో కూర్చున్నాడు, ఆ మనిషి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు, మొహం ఫోటోగ్రాఫరు వైపుకి ఎంత తిప్పాలో అంతే తిప్పాడు. "ఏం భయపడకు. నేనున్నాను. ఏ అవసరమొచ్చినా మావాళ్ళకి కబురు పెట్టు" అన్నాడు. రోజూ అనే మాటే, రోజూ అనే గొంతుతోనే అన్నాడు.

కెమెరా టక్కుమంది.

"బావా, నేనే" అన్నాడు మామయ్య.

నాన్న చేతులు అలాగే ఉండిపోయాయి. చూశాడు. ఇంకాస్త వంగి చూశాడు. మామయ్య నవ్వుతున్నాడు, అదొక్కటే మారలేదు మనిషిలో. నాన్న మెడ తిప్పి నా వైపు చూశాడు. కోప్పడలేదు. ఊదాల్సింది ఇంకేమైనా ఉందా అన్నట్టు చూశాడంతే. నేను తల దించుకున్నాను.

"ఆ లైటు ఆర్పు" అన్నాడు నాన్న ఫోటోగ్రాఫరుతో. "అందరూ కిందికి వెళ్ళండి."

గుమ్మంలోంచి గడియారం అందుకున్నాడు. "సార్, ఇప్పుడు బయలుదేరితేనే సభకి..."

నాన్న ఆయన వైపు చూడను కూడా చూడలేదు. అందరూ దిగిపోయారు. నేనూ అమ్మా గుమ్మం అవతల మెట్ల మీద నిలబడ్డాం.

"ఆ లైట్లు తెమ్మన్నదెవరే?" అంది అమ్మ, గొంతు తగ్గించి.

"ఎవరూ అనలేదమ్మా. ఇల్లెక్కడో చెబితే వాటంతటవే వస్తాయి."

అమ్మ కాసేపు నన్నే చూసింది. తర్వాత నా తల మీద చెయ్యి వేసి దగ్గరికి లాక్కుంది. ఇరవై దాటినదాన్ని, మెట్ల మీద నిలబడి అమ్మ భుజంలో మొహం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాను. లోపల నుంచి మాటలు వినపడుతూనే ఉన్నాయి.

"ఆ కొట్టు కథ చెప్పు బావా."

"ఏ కథరా?"

"ఏ కథేమిటి, ఊరంతా చెబుతున్నావుగా. ఆ వ్యానువాడు సగం దాకా వినిపించి మలుపు తిరిగిపోతాడు. కొట్టు కూలుతుంది. ఆ తర్వాత ఏమవుతుందో నాకు తెలీదు. ఏమవుతుంది?"

"వద్దురా."

"చెప్పు. నా కొట్టు కథ నేను వినకుండా పోతే ఎలా?"

నాన్న గొంతు సవరించుకున్నాడు. "పెద్దరోడ్డు వెడల్పు చెయ్యాల్సొచ్చింది" అని మొదలుపెట్టాడు. సభలో గొంతది. ఆ చిన్నగదికి అది ఇమడలేదు. ఆపాడు. మళ్ళీ మొదలుపెట్టాడు, ఈసారి మామూలుగా. "ఏ కొట్టు ముందు కొట్టాలన్నది తేలలేదు. ఇనుపసామాన్ల కొట్టువాడిది కొడదామంటే, వాడు మనుషుల్ని తెచ్చి రోడ్డు మీద పడుకోబెడతాడు. మందులకొట్టువాడు కోర్టుకెక్కుతాడు. చెప్పులకొట్టువాడు నా చొక్కా పట్టుకుంటాడు." కుర్చీ కిర్రుమంది. "నువ్వయితే ఏమీ అనవని తెలుసు. అందుకని నీది కొట్టించాను. అంతేరా. న్యాయమూ కాదు, ధర్మమూ కాదు."

నా భుజం మీదున్న అమ్మ చెయ్యి బిగుసుకుంది.

"మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి" అన్నాడు మామయ్య.

"అవును."

"నాకు ఆ రోజే తెలుసు బావా. నా సామాను బయటికి తెస్తుంటే నువ్వు అటు తిరిగి నిలబడ్డావు. గొప్పపని చేసేవాడయితే ఇటు తిరిగి చూస్తాడు కదా?"

"తెలిసీ ఎందుకు అడగలేదురా నన్ను?"

"అడిగితే బుకాయించేవాడివి. బుకాయిస్తే నాకు నీ మీదున్న కాస్త గౌరవమూ పోయేది. కొట్టు పోయింది చాలదా, బావని కూడా పోగొట్టుకోవడం ఎందుకని ఊరుకున్నాను."

నాన్న ఏడ్చాడు. సభల్లో తుడుచుకునే కన్నీళ్ళు వేరు, ఆ ఏడుపుకి చప్పుడుండదు. ఇది గొంతు పగిలినట్టుంది. అమ్మ లోపలికి వెళ్ళలేదు. నన్నూ వెళ్ళనివ్వలేదు.

"ఊరుకో" అన్నాడు మామయ్య చాలాసేపటికి. "కిందంతా నీ మనుషులున్నారు, నేను పోయాననుకుంటారు. అది సరేగానీ, ఆ చొక్కా కుట్టిందెవడు? ఆ భుజం చూడు, చీపురుకట్టకి తొడిగినట్టుంది. ఇంత పెద్దమనిషివి, చొక్కా ముందు నిలబడుతోంది, వెనకాల నువ్వు నిలబడుతున్నావు."

నాన్న ముక్కు చీదుకుంటూ నవ్వాడు.

ఆ సాయంత్రం సభకి ఆలస్యంగా వెళ్ళాం. కొట్టు కథ రావాల్సిన చోట నాన్న దాన్ని దాటేశాడు. ముందువరసలో ఒకాయన లేచి, "అన్నా, బావమరిది సంగతి" అని గుర్తుచేశాడు కూడా. "అది అయిపోయింది" అన్నాడు నాన్న. జనానికి అర్థం కాలేదు. గడియారానికి అర్థమైంది, అందుకే తలపట్టుకున్నాడు.

*

ఆ తర్వాత నాన్న రోజూ వెళ్ళేవాడు. కారు సందు మొదట్లో ఆపించి ఒక్కడే నడిచి వెళ్ళేవాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకునేవారో తెలీదు. ఒకసారి నేను వెళ్తే, పడుకున్న మామయ్య కొలతలు చెబుతున్నాడు, నాన్న మంచం పక్కన కూర్చుని గుడ్డ మీద సుద్దతో గీతలు గీస్తున్నాడు. "అటు కాదు బావా, నీకు ఊరు ఎలా అప్పజెప్పారో" అంటున్నాడు మామయ్య. పోలింగు ఇంకా కొన్నాళ్ళుందనగా మామయ్య పోయాడు. నిద్రలో పోయాడు. అమ్మ అనుకున్నది జరగలేదు, మామయ్య గుమ్మం వైపు చూసుకుంటూ పోలేదు. ఆ తృప్తి ఉండాలి కదా అమ్మకి.

ఆ రోజు వచ్చినవాళ్ళలో అవతలి పార్టీ ఆయన కూడా ఉన్నాడు, నాన్న మీద పోటీ చేస్తున్నాయన. వెనకాల మా పాత గుమస్తా, ఆయన చెవిలో ఊదుతూ. ఆయన వచ్చి నాన్న చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని, "ఏం అధైర్యపడకండి" అన్నాడు. నాన్న ఆ చేతులు మెల్లిగా విడిపించుకుని, పక్కకి జరిగి, అమ్మని చూపించాడు. "ఆవిడ తమ్ముడండీ. ఆవిడకి చెప్పండి" అన్నాడు.

అమ్మకి అందరూ చెప్పారు. అమ్మ అందరికీ తలూపింది. ఇంటికొచ్చాక మాత్రం మళ్ళీ ఎప్పటి మాటలే. "భోజనం పెట్టమంటారా." "ఎవరో వచ్చారు." నాన్న ఆవిడ చుట్టూ తిరిగేవాడు. వంటింటి గుమ్మంలో నిలబడేవాడు, ఏదో అడగబోయి మంచినీళ్ళడిగి వెళ్ళిపోయేవాడు. ఇంత చేసినా అమ్మ మనసు కరగలేదనుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం అనుకున్నాను. మామయ్య కోసం నాన్న వచ్చాడు గానీ, అమ్మ కోసం రావడం ఆయనకి చేతకాలేదేమో అని దిగులేసేది.

ఓట్ల లెక్కింపు రోజు ఇల్లు ఇల్లులా లేదు. ముందుగదిలో జనం, వరండాలో జనం, గేటు బయట డప్పులవాళ్ళు. గెలిస్తే వాయించాలి, ఓడితే చప్పుడు చెయ్యకుండా వెళ్ళాలి, వాళ్ళు కూడా టీ తాగుతూ కాసుకుని కూర్చున్నారు. ఒకసారి మేం ముందున్నామంటారు, ఇంకోసారి వెనకబడ్డామంటారు. గడియారం రెండు ఫోన్లు రెండు చెవులకీ పెట్టుకుని తిరుగుతున్నాడు. నాన్న మధ్యలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "ఏమండీ, ఒకసారి ఇలా రండి" అంది.

నాన్న లేచి వెళ్ళాడు. టీ గ్లాసులు తేవడానికి వెళ్ళిన నేను లోపలే ఉండిపోయాను.

"తమ్ముడి మిషను ఎక్కడ?" అంది అమ్మ. "గది ఖాళీ చేద్దామని వెళ్ళాను. మిషను లేదు."

నాన్న తడబడ్డాడు. "ఒకామె వచ్చింది. భర్త పోయాడట. కుట్టుపని వచ్చట. మిషను ఉంటే బతుకుతానంది. ఖాళీగానే ఉంది కదా అని..."

"ఎవరినడిగి ఇచ్చారు?"

"అంటే... పాపం ఆమె..."

"ఆమె పాపం సరే. ఎవరినడిగి ఇచ్చారు?"

అమ్మ గొంతు పెరిగింది. ఆ గొంతు నేను విని ఎన్నాళ్ళయిందో. చేతిలో గ్లాసులు అక్కడే గట్టు మీద పెట్టేశాను.

"అడగాల్సింది" అన్నాడు నాన్న.

"అడగాల్సిందే. అడిగితే నేనే ఇద్దును. నా చేత్తో నేనే ఇద్దును. అప్పుడు కూడా అడగాల్సింది. ఊరికి రోడ్డు కావాలి, నీ తమ్ముడి కొట్టు తీస్తాను, ఏమంటావని ఒక్క మాట నన్నడిగారా? పక్కన పడుకుని పొద్దున లేచి వెళ్ళి కొట్టించి వచ్చారు. నాకు కూరగాయలవాడు చెప్పాడు. కూరగాయలవాడు చెప్పాడండీ నాకు. అమ్మా, మీ తమ్ముడి కొట్టు పడగొడుతున్నారు, వంకాయలు తూచమంటారా అని. నేను వద్దని ఉండేదాన్ని కాదేమో. వాడికి చెప్పి ఒప్పించి ఉండేదాన్నేమో. తెలీదు నాకు. అడిగితేనే కదా తెలిసేది. పైగా మైకు పట్టుకుని, నా భార్య ఒక్క మాట అనలేదు, నా భార్య ఒక్క మాట అనలేదు. అననిచ్చారా? ఇప్పుడంటాను వినండి."

నాన్న అక్కడున్న చిన్న పీట మీద కూలబడ్డాడు. అమ్మ అందుకుంది. కొట్టు దగ్గర మొదలుపెట్టి, దగ్గరి దారి వదిలి చుట్టూ తిరిగిన కారు దాకా వచ్చింది, అది కూడా ఆవిడకి తెలుసన్నమాట. జలుబు సంగతి వచ్చింది, బాలింతల ఆసుపత్రి సంగతి వచ్చింది. నాన్న మొహం ఎర్రబడింది, కళ్ళు తడిశాయి, కానీ ఆ మొహంలో ఎన్నాళ్ళుగానో ఉన్న బిగువు సడలిపోయింది.

బయట ఒక్కసారిగా డప్పులు మొదలయ్యాయి. అన్నా అన్నా అని అరుపులు. గడియారం వంటింట్లోకి పరిగెత్తుకొచ్చాడు. "సార్, గెలిచాం. కొద్దిలోనే, కానీ గెలిచాం. జనం ఆగట్లేదు, రండి" అన్నాడు.

నాన్న పీట మీంచి సగం లేచాడు.

"కూర్చోండి" అంది అమ్మ. "నాదింకా అవలేదు."

నాన్న కూర్చున్నాడు.